హెప్సీబా కథలు, వేరేవాళ్ళ ముగింపులు

హెప్సీబాకు కోపం ఎక్కువని మా బిల్డింగులో అందరూ అనుకునేవారు. చెత్తడబ్బాల్లో కాగితం, ప్లాస్టిక్ కలిపేసినవాళ్ళను, మెట్లకడ్డంగా సైకిళ్ళు పెట్టే స్టూడెంట్లను ఆమె ముఖం మీదే అడిగేసేది. జర్మన్‌లో అయితే మాటలు వెతుక్కుంటూ, తెలుగులో అయితే ఆగకుండా. పక్క ఫ్లాట్‌లో మూడేళ్ళున్నాక కూడా నేనూ అలాగే అనుకున్నాను. ఆ కోపం ఎంత పాతదో తెలిశాక మాత్రం ఆ మాట మళ్ళీ అనలేదు.

నా పేరు ఛాయాదేవి. మాది నల్గొండ. మాగ్డెబర్గ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తాను. హెప్సీబా అదే ఊళ్ళో ఒక వృద్ధాశ్రమంలో నర్సు. ఇద్దరం తెలుగువాళ్ళమే అయినా ఆమె ఇక్కడి తెలుగువాళ్ళెవరితోనూ పెద్దగా కలిసేది కాదు. ఉగాదికి పిలిస్తే వచ్చేది కాదు, క్రిస్మస్‌కి పిలిచినా వచ్చేది కాదు. శనివారం పూట తలుపు కొడితే తీసేది, కానీ లైటు వేసేది కాదు. ఆమె యూదురాలని నాకు చెప్పినప్పుడు నేను సరిగ్గా వినలేదేమో అనుకుని మళ్ళీ అడిగాను.

"యూదురాలినే. మాదిగనీ, యూదురాలినీ. రెండూ నేనే," అంది.

ఆమెది బాపట్ల వైపు ఒక పల్లె. తండ్రి సాముయేలు పంచాయతీ బడిలో పంతులు. ఆమెకు పన్నెండేళ్ళప్పుడు, అంటే ఎనభై మూడులో, ఆయన పేటలోని మరో పదమూడు కుటుంబాలతో కలిసి ఆదివారం చర్చికి వెళ్ళడం మానేశాడు. వాళ్ళంతా శనివారం పని మానడం మొదలుపెట్టారు. మనం యూదులం, ఏ కాలంలోనో తూర్పుకు కొట్టుకొచ్చి, భాష పోగొట్టుకుని, పేరు పోగొట్టుకుని, చివరికి ఊరి బయట తేలినవాళ్ళం అని ఆయన నమ్మాడు. తాతముత్తాతలు చనిపోయినవాళ్ళను పూడ్చిన తీరు, మాంసం కోసిన తీరు, ముసలమ్మల పాటల్లో అర్థం తెలియని కొన్ని మాటలు, ఇవన్నీ పోగుచేసుకుని ఆయన ఆ నమ్మకానికి వచ్చాడు. చరిత్ర చదివినవాళ్ళు దీన్ని ఏమంటారో నాకు తెలియదు. హెప్సీబా కూడా ఎవరికీ రుజువు చేయాలని చూడలేదు. పన్నెండేళ్ళ వయసు నుంచీ తను బతికిన బతుకు ఇదేనని, అంతకన్నా రుజువేం కావాలని అడిగేది.

చర్చి పెద్దలు ఆ పద్నాలుగు కుటుంబాలతో మాట్లాడటం మానేశారు. మరుసటి వానాకాలంలో హెప్సీబా నాయనమ్మ చనిపోయింది. చర్చి సమాధుల దొడ్డిలో చోటు అడిగితే, మీరు మావాళ్ళు కాదని మీరే అన్నారు కదా అన్నారు. ఊరి శ్మశానానికి ఆ పేటవాళ్ళను ఏనాడూ రానిచ్చింది లేదు. ఒక పగలంతా శవం ఇంట్లోనే ఉంది. చివరికి కాలవ గట్టున, వానలో, తవ్వుతున్న గుంటలో నీళ్ళు ఊరుతుంటే, సాముయేలు మాస్టారూ ఆయన అన్నదమ్ములూ తల్లిని పూడ్చారు. హెప్సీబా గొడుగు పట్టుకుని నిలబడింది. ఆ గొడుగు నాయనమ్మకు పట్టాలో నాన్నకు పట్టాలో తెలియక మధ్యలో పట్టుకున్నానని చెప్పింది నాకు.

ఆ తర్వాత పేటలో పిల్లలు కాలవ వైపు వెళ్ళడానికి భయపడ్డారు. ఆ శుక్రవారం సాయంత్రం దీపాలు పెట్టాక సాముయేలు మాస్టారు పిల్లలందరినీ కూర్చోబెట్టుకుని ఒక కథ చెప్పాడు. మరుసటి శుక్రవారం ఇంకొకటి. ఇరవై ఏళ్ళ పాటు, తన గొంతు పోయేదాకా చెప్పాడు. ఆ కథల్లో దేవుడు పెద్దగా మాట్లాడడు. చెప్పులు కుట్టేవాళ్ళు, మంత్రసానులు, బండి తోలేవాళ్ళు మాట్లాడతారు. ఆయన గొంతు పోయాక హెప్సీబా చెప్పింది. అప్పటికే ఆమె గుంటూరులో నర్సింగ్ చదివి, హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ, నెలకో శుక్రవారం ఊరికి వెళ్ళి చెప్పి వచ్చేది. పెళ్ళయిన నాలుగేళ్ళకు భర్త తిరిగి చర్చిలో చేరాడు. నువ్వూ రా, లేకపోతే నీ దారి నీది అన్నాడు. ఆమె వెళ్ళలేదు. ఆ సంసారం అంతటితో ఆగింది.

జర్మనీకి వచ్చేనాటికి ఆమెకు నలభై మూడేళ్ళు. ఆ వయసులో జర్మన్ భాషలో బీ టూ పరీక్ష రాసి, నర్సుగా గుర్తింపు తెచ్చుకుని, మాగ్డెబర్గ్‌లో ఉద్యోగంలో కుదురుకుంది. ఇక్కడికి రావడంలో ఆమె మనసులో ఇంకో ఆశ ఉంది. ఇంతమందిని చంపిన దేశంలో మళ్ళీ యూదులు దీపాలు పెట్టుకుంటున్నారు, వాళ్ళ మధ్య కూర్చోవాలి అని. రైల్లో గంట దూరంలో ఒక చిన్న యూదు సమాజం ఉంది. అందులో ఎక్కువమంది పాత సోవియట్ దేశాల నుంచి వచ్చిన ముసలివాళ్ళు. వీలైన శుక్రవారాలు మధ్యాహ్నమే అక్కడికి వెళ్ళి, ఒక వితంతువు ఇంట్లో ఆ రాత్రి ఉండి, శనివారం చీకటిపడ్డాక తిరిగొచ్చేది.

అక్కడి కార్యదర్శి లేవ్ అర్కాడియెవిచ్ మొదటిరోజే కాగితాలు అడిగాడు. తల్లి యూదురాలని చూపే కాగితం, తల్లిదండ్రుల పెళ్ళి కాగితం, ఏదో ఒకటి. ఆమె దగ్గరున్నది ఒక్కటే, కుల ధ్రువీకరణ పత్రం. అందులో హిందూ మాదిగ అని ఉంది. చర్చికి వెళ్ళినా, శనివారం పాటించినా, చదువు కోసం ఉద్యోగం కోసం సర్కారు కాగితంలో అలాగే రాయించుకోక తప్పలేదు ఆ పేటలో ఎవరికైనా. లేవ్ దాని ఇంగ్లీషు అనువాదాన్ని రెండుసార్లు చదివాడు.

"సోవియట్ పాస్‌పోర్టులో ఐదో గడిలో యూదుడని రాసి ఉంది కాబట్టి నన్ను యూనివర్సిటీలో చేర్చుకోలేదు," అన్నాడు. "నీ కాగితంలో అది రాసి లేదు కాబట్టి నేను నిన్ను సభ్యుల జాబితాలో రాయలేను. రెండూ నాకు సిగ్గుగానే ఉన్నాయి. కూర్చో."

చివరి వరసలో కుర్చీ వేశాడు. ఆమె కోపంతోనే కూర్చుంది. ఐదేళ్ళూ ఆ కుర్చీలోనే కూర్చుంది.

రెండువేల ఇరవై మార్చిలో అన్నీ మూసేశారు. ప్రార్థనలు ఆగిపోయాయి, మా అమ్మాయి అక్షయ వెళ్ళే కితా, అంటే చిన్నపిల్లల బడి, మూసేశారు. హెప్సీబా పనిచేసే ఆశ్రమంలోకి చూడటానికి వచ్చేవాళ్ళను రానివ్వడం మానేశారు. రోజూ రాత్రి తొమ్మిదింటికి మా వీధిలో జనం బాల్కనీల్లోకి వచ్చి నర్సులకు చప్పట్లు కొట్టేవారు. మొదటిరోజు నేనూ కొట్టాను. హెప్సీబా తన బాల్కనీ తలుపు గట్టిగా వేసుకుంది. మర్నాడు మెట్ల మీద కలిసినప్పుడు, నలభైమంది ముసలివాళ్ళకు రాత్రి డ్యూటీలో ఇద్దరమే ఉన్నాం, చప్పట్లు కొట్టే చేతుల్లో రెండు వచ్చి పక్కలు మార్చమను అంది.

మా బాల్కనీలు రెండూ పక్కపక్కనే, మధ్యలో ఒక రేకు అడ్డం. ఇంట్లో ఊపిరాడక అక్షయ రోజంతా అక్కడే ఆడుకునేది. ఒక శుక్రవారం పొద్దు గుంకడానికి ముందు, రేకు పక్క నుంచి తొంగిచూస్తూ, దీపాలెందుకు పెడుతున్నావని జర్మన్‌లో అడిగింది. హెప్సీబా తెలుగులో జవాబిచ్చింది, కథలో. ఆరేళ్ళ పిల్ల అరగంట కదల్లేదు. ఆ తర్వాత ప్రతి శుక్రవారం అంతే. నేను వంటింట్లో అంట్లు తోముతూ వినేదాన్ని. ఆ గొంతులో ఏ వణుకూ ఉండేది కాదు, ముద్దుచేయడమూ ఉండేది కాదు. పెద్దవాళ్ళకు చెప్పినట్టే చెప్పేది.

అందులో ఒక కథ నేను ఎప్పటికీ మరిచిపోలేను. ఒక ఊళ్ళో పదిమంది పోగయితే తప్ప ప్రార్థన మొదలుపెట్టకూడదు. ఆ శుక్రవారం తొమ్మిదిమందే వచ్చారు. తోలు ఊరబెట్టే పనివాడొకడు మెట్ల కింద నిలబడి ఉన్నాడు. వాసన వస్తాడని లోపలివాళ్ళు అతన్ని రమ్మనలేదు, పొమ్మనలేదు. పదోవాడి కోసం వీధి చివరిదాకా చూస్తూ కూర్చున్నారు. చమురు అయిపోవస్తోంది. అప్పుడు పైనుంచి మనుషుల్ని లెక్కపెట్టడానికి దూత వచ్చాడు. మెట్ల దగ్గరే మొదలుపెట్టాడు. తోలు పనివాడి తల మీద చెయ్యివేసి, ఒకటి, అన్నాడు. లోపలికి వెళ్ళి రెండు, మూడు అంటూ వరసగా లెక్కపెట్టి, గద్దె మీద కూర్చున్న పెద్దాయన దగ్గర, పది, అన్నాడు. పెద్దాయనకు తను పదోవాడినని అర్థమైంది. ఆ రాత్రి ఆయన గద్దె దిగి, మెట్లు దిగి, కింద నిలబడినతని పక్కన నిలబడి ప్రార్థన చేశాడు. అంతే కథ. కింద నిలబడినవాడు ఏమన్నాడని అక్షయ అడిగితే, ఏమంటాడు, కాళ్ళు నొప్పెట్టి ఉంటాయి అంది హెప్సీబా.

ఆ కథను నేను ఫోన్లో రికార్డు చేశాను. అడక్కుండా చేశాను. జార్‌బ్రూకెన్‌లో ఉన్న మా ఆడపడుచుకు పంపాను. ఆమె దాన్ని మేమిద్దరం ఉన్న తెలుగు తల్లుల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. రెండు వారాల్లో అది జర్మనీలో ఉన్న సగం తెలుగు ఇళ్ళకు చేరింది. వేరే ఊరి ఆశ్రమంలో పనిచేసే తెలుగు నర్సు ఒకామె ఆ వాయిస్ నోట్‌ని హెప్సీబాకే పంపి, ఈ ఆంటీ ఎవరో తెలుసా అని అడిగింది.

ఆ సాయంత్రం ఆమె నా తలుపు కొట్టింది. మాస్కు మీద కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి.

"నన్నడిగావా?" అంది.

"తప్పయింది అక్కా. పిల్లలకు మంచిదని పంపిన," అన్నాను.

"మంచిదే. నన్నడిగావా అంటున్నా."

ఆమె వెళ్ళిపోయింది. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత తనే వచ్చి, రికార్డు చేసుకోవచ్చని, అయితే పొద్దు గుంకేలోపు ముగించాలని, తన పేరుతోనే, ఒక్క మాట కోయకుండా, ఒక్క మాట కలపకుండా పంపాలని చెప్పింది. ఆ షరతును ప్రతి కథ మొదట్లో తన గొంతుతోనే చెప్పేది. అలా ఆ వేసవి చివరికి ఇరవై ఆరు కథలయ్యాయి. ఊళ్ళు దాటి పిల్లలు ఆమెకు వాయిస్ నోట్లు పంపేవారు, సగం జర్మన్‌లో, సగం తెలుగులో. ఆశ్రమం నుంచి అలసిపోయి వచ్చి కూడా ఒక్కొక్కరికీ జవాబు చెప్పేది.

నథానియేల్ అప్పుడే వచ్చాడు. కాకినాడవాడు. జిండెల్ఫింగెన్‌లో కార్ల ఫ్యాక్టరీలో ఇంజనీరు, ఆదివారాలు తెలుగు క్రైస్తవ సహవాసానికి జూమ్‌లో వాక్యం చెప్పేవాడు. మాట చాలా మర్యాద. తమ సండే స్కూలు పిల్లలకు ఒక కథ చెప్పమని అడిగాడు. ఆమె ముందు ఒప్పుకోలేదు. పిల్లలే అడుగుతున్నారంటే ఒప్పుకుంది. లెక్కపెట్టిన కథే చెప్పింది. ఆమె ముగించగానే నథానియేల్ తన మైకు తెరిచి, మెట్ల కింద నిలబడినవాడు ఎవరో తెలుసా పిల్లలూ, ఆయనే మన ప్రభువు అన్నాడు. తెర నిండా గుండె బొమ్మలు ఎగిరాయి. హెప్సీబా కాల్ కట్ చేసింది.

తర్వాత ఫోన్ చేసి, మా నాన్న కథలో కింద నిలబడ్డవాడు తోలు పనివాడే, మా తాతే, అతన్ని దేవుణ్ణి చేస్తే ఇక అతన్ని ఎవరూ లోపలికి పిలవక్కర్లేదు, దణ్ణం పెడితే సరిపోతుంది అంది. నథానియేల్ శాంతంగా విని, మీ బాధ అర్థమైందండి, ఇంకెప్పుడూ అలా చెయ్యనండి అన్నాడు. ఆమె నమ్మింది.

డిసెంబరులో ఆశ్రమంలో జబ్బు వ్యాపించింది. మూడు వారాల్లో పదకొండుమంది పోయారు. పిల్లలెవరూ రాకుండానే పోయారు. ఆమె ఇరవై రెండు రోజులు సెలవు లేకుండా పనిచేసి, తనూ పడింది. నేను రోజూ తలుపు బయట చారన్నం పెట్టి, బెల్లు కొట్టి వెనక్కి జరిగేదాన్ని. లేచి నడవడానికి ఫిబ్రవరి అయింది. మెట్లెక్కితే ఆయాసం, రుచి లేదు, పేర్లు గుర్తుకురావు. కథలు మాత్రం ఒక్కటీ మరిచిపోలేదని, మంచంలో పడుకుని వేళ్ళ మీద ఒక్కొక్కటీ సరిచూసుకున్నానని చెప్పింది.

మార్చి చివర మా ఆడపడుచు ఒక పుస్తకం ఫోటోలు పంపింది. విజయవాడలో అచ్చయింది. పిల్లలకు కథలు, రచయిత నథానియేల్. ఇరవై ఆరు కథలు. జూమ్‌లో ఆవిష్కరణ కూడా అయిపోయింది. జర్మనీలోనూ ఇండియాలోనూ సండే స్కూళ్ళకు పంచుతున్నారట. హెప్సీబా పేరు ఎక్కడా లేదు. నేను రెండు రోజులు ఆ ఫోటోలు దాచుకున్నాను. ఆమె ఒంట్లో బాగోలేదని నాకు నేను చెప్పుకున్నాను కానీ, అసలు సంగతి భయం. మొదట పంపింది నేనే కదా.

మూడోరోజు ఆడపడుచు దగ్గర్నుంచి పుస్తకమే వస్తే, ఫోటోలు ఆమె ఫోన్‌కు పంపి, పుస్తకం చేతికిచ్చాను. మెట్ల దగ్గర నిలబడే చదివింది. నేను కింది మెట్టు మీద నిలబడ్డాను. ప్రతి కథకూ చివర మారింది. లెక్కపెట్టిన కథలో దూతే లేడు. లోపలి తొమ్మిదిమందిని యూదులని ప్రతి వాక్యంలోనూ రాశాడు. వాళ్ళు తోలు పనివాణ్ణి రాళ్ళతో కొట్టి తరుముతారు, అతను పరుగెత్తి ఒక చర్చిలోకి వెళ్తాడు, అక్కడ స్నానం చేయించి కొత్త బట్టలు ఇస్తారు. మిగిలిన కథల్లో మంత్రసాని, బండివాడు, చెప్పులు కుట్టేవాడు అందరూ మంచివాళ్ళే, అందరూ చివరికి యూదుల నుంచి తప్పించుకుని వస్తారు. అట్ట మీద కొక్కెంలాంటి ముక్కున్న గడ్డపాయన ఒకడు తలుపు మూస్తున్నాడు.

ఆమె అరవలేదు. అట్టను నా ముఖం ముందు పట్టుకుంది. "ఈ ముక్కు చూశావా ఛాయా," అంది. పుస్తకం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఫోన్ చేస్తే నథానియేల్ ఎత్తలేదు. మెసేజ్ పెట్టాడు, దేవుని పనిలో పేర్లు ముఖ్యం కాదని, ఆమె గురించి ప్రార్థిస్తున్నానని. ఇంకో రెండు మెసేజ్‌ల తర్వాత బ్లాక్ చేశాడు. తల్లుల గ్రూపులో నేను సంగతి రాస్తే, ఇలాంటి సమయంలో గొడవలెందుకన్నారు. అన్నీ మంచి కథలే కదా, ఎవరు చెబితేనేం అని ఒకామె రాసింది. ఏడాదిపాటు ప్రతి శుక్రవారం తన పిల్లల్ని హెప్సీబా గొంతుతో నిద్రపుచ్చుకున్నామె ఆ మాట రాసింది. నేను ఆ గ్రూపు వదిలేశాను. వదిలేస్తే వాళ్ళకేమీ నష్టం లేదని తెలిసే వదిలేశాను.

జూన్‌లో బయట జనం కలవడానికి అనుమతులు వచ్చాయి. జిండెల్ఫింగెన్ సహవాసంవాళ్ళు ఆదివారం మధ్యాహ్నం ఒక పార్కులో కలుస్తున్నారని తెలిసింది. హెప్సీబా తెల్లవారుజాము రైలుకు టికెట్ కొంది. నేనూ వస్తానన్నాను. వద్దనలేదు. ఏడు గంటల ప్రయాణంలో మాస్కు తీయకుండా, కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. ఊపిరి కోసం మధ్యమధ్య ఆగి గట్టిగా పీల్చేది.

పార్కులో నలభైమంది దాకా ఉన్నారు. గడ్డి మీద దుప్పట్లు, బిర్యానీ డబ్బాలు, బంతి ఆడుకునే పిల్లలు. నథానియేల్ మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. నవ్వుతూనే, భోంచేయండక్కా అన్నాడు. ఆమె సంచిలోంచి పుస్తకం తీసి, మా నాన్న కథల్ని ఎవరిని అడిగి మార్చావని అడిగింది.

కథలకు హక్కులేంటండి, అన్నీ దేవుడివే అన్నాడు అతను. పిల్లలకు రక్షణ మార్గం చూపించడానికే మార్చానన్నాడు. పేరు కావాలంటే రెండో ముద్రణలో వేస్తానన్నాడు. ఆమె ఊరుకోకుండా అదే ప్రశ్న మళ్ళీ వేసింది. అప్పుడతని మర్యాద కొంచెం జారింది.

"అక్కా, తప్పుగా అనుకోకండి. మీరు యూదులేంటండి? ఇక్కడి యూదులే మిమ్మల్ని రాసుకోలేదంట కదా. మీరూ మేమూ ఒక్క పేటవాళ్ళం. మీ నాన్నగారు దారి తప్పారు. అంతే కదండి."

 ఆమె మాస్కు కిందకు లాగింది. ఏడాది తర్వాత బయట ఆమె ముఖం నేను చూడటం అదే.

"మా నాయనమ్మ శవం ఇంట్లో పెట్టుకుని మా నాన్న మీ పెద్దల దగ్గరికొస్తే వాళ్ళన్నదీ ఇదే మాట. అప్పుడు మేం మీవాళ్ళం గాదు. ఇప్పుడు కథలు గావాల్సొచ్చాయి గాబట్టి ఒక్క పేటవాళ్ళం అయ్యాం," అంది. ఊపిరి అందక ఆగింది.  "సర్లే. మా సంగతి వదిలెయ్. నువ్వుంటున్నది ఏ దేశమో తెలుసా నీకు? ఈ ముక్కు గీసి గీసి, పిల్లల పుస్తకాల్లో గీసి, తర్వాత ఆ పిల్లలు పెద్దయ్యాక ఏం చేశారో నీకు తెలుసా? ఈ దేశంలో కూర్చుని, ఈ దేశం తిండి తింటా, తెలుగు పిల్లలకి ఆ బొమ్మ చూపించావు. మా నాన్న నోటితో చూపించావు."

నథానియేల్, బొమ్మ ఆర్టిస్టు వేశాడండి, నేను చూసుకోలేదు అన్నాడు. క్షమించమన్నాడు. ఆ క్షమాపణ నలభైమందికీ వినపడేలా, చేతులు జోడించి చెప్పాడు. కొందరు ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఇక ఆమె కూడా ఏదో మంచిమాట అంటుందని అందరూ ఎదురుచూశారు.

"పుస్తకాలన్నీ వెనక్కి తెప్పించు. అప్పుడడుగు," అంది ఆమె.

అది కుదరదండి అన్నాడు. ఇండియాలో ఎన్ని సంఘాలకు వెళ్ళాయో తనకే తెలియదన్నాడు. ఆమె మాస్కు పైకి లాక్కుని వెనక్కి తిరిగింది.

స్టేషన్‌కు నడుస్తుంటే వెనక నుంచి ఒకామె పరుగెత్తుకొచ్చింది. సూజీ, నథానియేల్ భార్య. వాయిస్ నోట్లు విని కథలన్నీ టైపు చేసింది తనేనని, విన్నది విన్నట్టే చేశానని, చివరలు తర్వాత ఆయన మార్చాడని చెప్పింది. ఆ మొదటి ఫైలు తన దగ్గర ఉందని, పంపిస్తానంది.

"మార్చేటప్పుడు చూశావా?" అని అడిగింది హెప్సీబా.

 చూశానక్కా అంది సూజీ.

"పంపు," అంది హెప్సీబా. థాంక్స్ చెప్పలేదు. రైల్లో నేను, పాపం ఆమేం చేస్తుంది, మొగుడు కదా అన్నాను. ఆమె నా వైపు తిరిగి, చూసినవాళ్ళంతా పాపమే, నువ్వూ రెండు రోజులు దాచావు గదా అంది. నేను ఆ పుస్తకం సంగతి రెండు రోజులు ఆలస్యంగా చెప్పానని ఆమెకు ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఫోటోల తేదీ చూసి ఉంటుంది.

ఫైలు వచ్చింది. ఆ వేసవీ చలికాలమూ ఆమె సెలవురోజుల్లో కూర్చుని దాన్ని దిద్దింది. అంతకుముందు రికార్డు చెయ్యని మరో ఐదు కథలు కలిపింది. పేర్లు మరిచిపోయే జబ్బు ఇంకా పూర్తిగా వదల్లేదు. ఒక మాట కోసం గంటసేపు గోడ వైపు చూస్తూ కూర్చుని, దొరక్కపోతే బల్ల మీద చేత్తో కొట్టేది. రేకు ఇవతల నాకు వినపడేది. నేను సాయం చేస్తానంటే, ఈసారి వద్దంది.

ఆ మధ్యలోనే లేవ్ అర్కాడియెవిచ్ ఫోన్ చేశాడు. పెద్ద నగరంలోని రబ్బీలతో మాట్లాడానని, ఆమె శాస్త్రప్రకారం మతం మారితే ఒక ఏడాదిలో సభ్యురాలిని చేయవచ్చని, పుస్తకాలు తనే తెప్పిస్తానని చెప్పాడు. ఆయన మనస్ఫూర్తిగా సంతోషపడుతూ చెప్పాడట. ఆమె విని, నేను దేంట్లోకి మారాలి, ఉన్నదాంట్లోకేనా అని అడిగింది. ఆయన నొచ్చుకున్నాడు. ఇద్దరూ గొడవపడ్డారు, జర్మన్ ఇద్దరికీ పరాయి భాషే కాబట్టి మాటలు మరీ మొరటుగా వచ్చాయి. ఆమె మూడు నెలలు అక్కడికి వెళ్ళలేదు. తర్వాత వెళ్ళింది. ఎవరి కోసం మానెయ్యాలి, ప్రార్థన వాళ్ళది మాత్రమేనా అంది. మతం మాత్రం మారలేదు. సభ్యుల జాబితాలో ఆమె పేరు ఇవాళ్టికీ లేదు.

పుస్తకం రెండువేల ఇరవై రెండు సెప్టెంబరులో తెనాలిలో ఒక చిన్న ప్రెస్సులో అచ్చయింది. ముందుమాట ఎవరి చేతా రాయించలేదు. అట్ట మీద బొమ్మ లేదు. లోపలి పేజీలో, చెప్పినది సాముయేలు మాస్టారు, రాసినది ఆయన కూతురు హెప్సీబా, మాదిగ, యూదురాలు అని ఉంది. ఆ రెండో మాట తీసేస్తే ఎక్కువమంది కొంటారని ప్రెస్సాయన సలహా ఇచ్చాడు, మొదటి మాట తీసేస్తే ఇంకా ఎక్కువమంది కొంటారని కూడా అన్నాడు. ఆయనకు ఆమె ఏం జవాబు చెప్పిందో నేనిక్కడ రాయలేను.

నథానియేల్ పుస్తకం రెండో ముద్రణ కూడా వచ్చింది. అట్ట మీద బొమ్మ మార్చారు. ఇప్పుడు అక్కడ ఒక గొర్రెపిల్ల ఉంది. లోపల కథలు అలాగే ఉన్నాయి. హెప్సీబా పుస్తకం కంటే అది ఎన్ని రెట్లు ఎక్కువమంది పిల్లలకు చేరిందో ఆలోచిస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఒక వకీలును అడిగితే ఇండియాలో కేసు వేయాలని, ఏళ్ళు పడుతుందని చెప్పాడు. ఆమె ఆ కాగితాలు దాచిపెట్టింది. వేస్తుందనే అనుకుంటున్నాను.

ఆ అక్టోబరులో యూనివర్సిటీ తెలుగు విద్యార్థులు ఒక గది తీసుకుని ఆమెను పిలిచారు. ముప్ఫైమంది వచ్చారు, సగం మందికి మాస్కులున్నాయి. ఆమె కుర్చీలో కూర్చుని, పుస్తకం మూసేసి, మంత్రసాని కథ చెప్పింది. మధ్యలో రెండుసార్లు ఊపిరికోసం ఆగింది. ఎవరూ ఫోన్ చూడలేదు. అయ్యాక వెనక వరసలోంచి ఒకబ్బాయి లేచి, తనకు యూట్యూబ్ ఛానల్ ఉందని, ఈ కథలు అందులో పెట్టుకోవచ్చా ఆంటీ అని అడిగాడు. 

"పెట్టుకో," అంది హెప్సీబా. "నీ పేరేంది?"

విశ్వనాథం అని చెప్పాడు.

"ఏ హాస్టల్?"

చెప్పాడు.

"గది నంబరు?"

అదీ చెప్పాడు. ఆమె పుస్తకం వెనక పేజీలో అతని పేరు, హాస్టల్, గది నంబరు రాసుకుంది.

"ఒక్క మాట మార్చావంటే వస్తా," అంది.

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. పెన్ను మూత పెట్టుకుని, ఇంకెవరికి గావాలని అడిగింది.